నీళ్ళక్క వెతికిన రెండో సగం

నీళ్ళక్కను ఎవరు ఇంట్లోకి పిలిచినా ముందు ఆమె కళ్ళు నేలమీదికే పోయేవి. వాళ్ళు కొత్త సోఫా చూపిద్దామని పిలిస్తే ఈవిడ సోఫా కింద ఏ రాయి ఉందో వంగి చూసేది. అది బిడియం అనుకున్నవాళ్ళు కొందరు, పొగరు అనుకున్నవాళ్ళు ఇంకొందరు. రెండూ కాదు. బండలు చూసి బతికిన మనిషి, కళ్ళు అలవాటైన చోటే వాలతాయి. చూసి ఊరుకున్నా బాగానే ఉండేది. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, అటూ ఇటూ చూసి, కాసిని నీళ్ళు ఆ నేలమీద ఒలకబోసి కాలితో పులిమేది. ఆ ఊళ్ళో ఆమె తడపని నేల లేదు. బ్యాంకు తడిసింది, కోర్టు తడిసింది, పెళ్ళిళ్ళ హాలు తడిసింది. ఆ హాల్లో పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన జారి కుర్చీతో సహా కూలబడ్డాడు. పెళ్ళి ఆగలేదు కానీ ఆ మేనమామ ఈ రోజుకీ నీళ్ళక్కను చూస్తే గోడ పట్టుకుని నడుస్తాడు.

ఆ పేరు ఆమెకు బండల ఫ్యాక్టరీలో వచ్చింది. ఊరి చివర సున్నపురాయి క్వారీ. క్వారీ గట్టున రంపాల షెడ్డు, పక్కన పాలిష్ షెడ్డు, లారీలు ఆగేచోట బండలు ఏరే రేకుల షెడ్డు. పాలిషై వచ్చిన ప్రతి బండనూ గోడకు ఆనించి, మగ్గుతో నీళ్ళు కొట్టి, మచ్చ ఉందో లేదో చూడటం ఆమె పని. మచ్చ లేకపోతే ఎర్ర మైనపు పెన్సిలుతో టిక్కు. ఉంటే ఇంటూ గుర్తు. ఎండిన బండను నమ్మకూడదని ఆ షెడ్డులో చేరిన మొదటి రోజే చెప్తారు. ఎండితే అంతా ఒకే బూడిదరంగు. నీళ్ళు పడగానే లోపలున్నదంతా తెల్లగా పైకి తేలుతుంది, ఆరగానే మళ్ళీ మాయమవుతుంది.

అలా తేలేవాటికి ఫ్యాక్టరీ వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి. తాడు చుట్టపెట్టినట్టుండేవి చుట్టలు. చొక్కా గుండీల్లా గుండ్రంగా, మధ్యలో చిల్లితో ఉండేవి బొత్తాలు. వంకరగా, ఒక చివర సన్నగా ఉండేవి కొమ్ములు. గవ్వల్లాంటివి గవ్వలే. అవన్నీ ఒకప్పుడు బతికిన ప్రాణులని ఎవరో ఎప్పుడో చెప్పారు, వీళ్ళు విన్నారు, పనిలో పడి మర్చిపోయారు. కొనేవాళ్ళకు నున్నటి బండ కావాలి. చుట్ట అయినా కొమ్ము అయినా లెక్కలో మచ్చే. మచ్చ పడ్డ బండ కంకర మిల్లుకు పోవాలి. లేదంటే పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. అందుకే ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ఏ ఇంట్లో చూసినా నేలంతా మచ్చలే.

నీళ్ళక్క మొగుణ్ణి అందరూ రంపం మేస్త్రి అనేవాళ్ళు. ఆయన మాట్లాడటం చాలా తక్కువ. పెళ్ళి కుదిరాక కూడా ఇద్దరి మధ్యా నడిచిన కబుర్లన్నీ బండల మీదుగానే నడిచాయి. ఏదైనా అందమైన మచ్చ రంపం కింద తెగితే ఆ బండను మిగతావాటికన్నా ముందు ఏరే షెడ్డుకు పంపించేవాడు. ఆమె నీళ్ళు కొట్టి చూసి, నవ్వుకుని, ఇంటూ గుర్తు పెట్టి పక్కన పెట్టేది. అలా పక్కన పెట్టినవన్నీ వాళ్ళు కట్టుకోబోయే ఇంటి వంటగదికి.

ఒకరోజు ఆయన తనే రంపం ఆపి వచ్చాడు. పళ్ళెమంత చుట్ట ఒకటి సరిగ్గా నడిమికి తెగిందట. మామూలుగా రంపం ఏ అంచునో కోసుకుపోతుంది. ఈసారి జామకాయ కోసినట్టు రెండు చెక్కలూ సమానంగా వచ్చాయి. ఈ బండలో ఒక సగం, పక్క బండలో ఇంకో సగం, రెంటికీ అడ్డంగా ఒకే తెల్లటి గీత.

"రెండు ముఖాలూ పాలిష్‌కి పంపించాను," అన్నాడు. "రెండూ పక్కన పెట్టు. పొయ్యి ముందు పక్కపక్కన వేద్దాం."

అంత పొడుగు మాట ఆయన నోట ఆమె అదే మొదటిసారి వినడం. సరేనంది. మొదటి సగం పొద్దున్నే వచ్చింది, ఇంటూ పెట్టి దాచింది. రెండోది వచ్చేసరికి లారీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది, డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు, పైగా తొట్టిలో నీళ్ళు అయిపోయాయి. గోడకు ఆనించిన బండలన్నీ ఎండుగా, బూడిదరంగులో, చూడ్డానికి బుద్ధిమంతుల్లా నిలబడ్డాయి. నీళ్ళు తెచ్చేదాకా ఆగమంటే సూపర్వైజరు కస్సుమన్నాడు. ఆమె కంగారులో వరసగా టిక్కులు కొట్టేసింది. లారీ వెళ్ళిపోయి, దుమ్ము సర్దుకున్నాక గానీ ఆమెకు గుర్తుకు రాలేదు. 

ఇద్దరూ కలిసి దాచుకోవాలనుకున్న మొదటి వస్తువును తన చేత్తోనే పంపించేసింది. సాయంత్రం దాకా ఏడ్చింది. ఆయన ఆలస్యంగా ఏరే షెడ్డుకు వచ్చాడు, చొక్కా చెమటకు తడిసి ఉంది. విషయం విని కాసేపు కాళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఎక్కడికీ పోదులే," అన్నాడు. "ఊళ్ళోనే ఎక్కడో ఉంటుంది."

ఆ మాట ఆమె పట్టుకుంది. ఆ లారీ సరుకు ఊళ్ళో కడుతున్న పెద్ద భవనాలకే పోయేది. కాబట్టి వెతికితే దొరుకుతుంది. పెళ్ళయిన కొత్తలో జంటలు సినిమాలకు పోతారు, పార్కులకు పోతారు. వీళ్ళిద్దరూ ఆసుపత్రి వరండా చూడటానికి పోయారు, పోస్టాఫీసు చూడటానికి పోయారు. ఆయన నీళ్ళ సీసా పట్టుకునేవాడు, ఈమె పోసేది. ఎవరైనా గద్దిస్తే ఆయనే ముందుకొచ్చి "దాహమేసి తాగుతుంటే ఒలికిందండీ," అనేవాడు. అబద్ధం ఆడటంలో ఆయనకంత నేర్పుందని ఆమెకు అప్పుడు తోచలేదు.

వంటగది నేల ఆయనే పరిచాడు. ఒక్క సగమే ఉన్న చుట్టను పొయ్యి ముందు వేశాడు. అంతా బాగానే కుదిరింది కానీ కుళాయి గట్టు కింద, ఆమె నిలబడి గిన్నెలు తోముకునే చోట, ఒక బండ మాత్రం గరుకుగా వచ్చింది. అరికాళ్ళకు గుచ్చుకునేది. పట్టిన జిడ్డు పోయేది కాదు. అది మార్చమని నీళ్ళక్క మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"గరుకుంటే ఏం? కాలు జారవు," అనేవాడాయన.

"పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి, ఇంట్లో గరుకు బండ వేసుకున్న మొనగాడివి నువ్వొక్కడివేనయ్యా."

"ఒక్కడినైనా ఉన్నాను కదా," అని బయటికి జారుకునేవాడు.

కొడుకు పుట్టాడు. వాడికి ఊహ తెలిసేసరికి ఇంటి నేల వాడికి బొమ్మల పుస్తకమైంది. పొద్దున్నే అమ్మ తడిగుడ్డ పెడుతుంటే వెనకాలే పాకుతూ చుట్టల్ని, గవ్వల్ని వేలితో తాకేవాడు. ఆరిపోయి మాయమైతే ఏడుపు లంకించుకునేవాడు. మళ్ళీ తడిపేదాకా ఊరుకునేవాడు కాదు. ఆ ఇంట్లో నేల రోజుకు ఎన్నిసార్లు తుడిచేవాళ్ళో అడక్కండి, పక్కింటావిడకు అసూయ పుట్టేంత శుభ్రంగా ఉండేది.

క్వారీ లోతుకు దిగేకొద్దీ రాయి మారుతూ వచ్చింది. ఒక మట్టం దాటాక మచ్చలు హఠాత్తుగా ఆగిపోయాయి. ఎన్ని బండలు తడిపినా ఉత్త బూడిదరంగే. యజమాని మురిసిపోయాడు. ఫస్టు క్వాలిటీ, అద్దంలాంటి సరుకు అని దూరదూరాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. షెడ్డులో అందరూ పండిన పొలం చూసినట్టు సంబరపడ్డారు. నీళ్ళక్క చెయ్యి ఇంటూ గుర్తు పెట్టడమే మర్చిపోయింది.

ఆ ఏడాదే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెల తిరక్కుండానే పోయింది.

నీళ్ళక్క పనికి వెళ్ళడం మానేసింది. తలుపు దాటి బయటికి రాలేదు. జుట్టు దువ్వుకోలేదు. నేల కూడా తడపలేదు. కొడుకు వచ్చి "అమ్మా, చుట్ట చూపించు," అంటే గోడవైపు తిరిగి పడుకునేది. చుట్టపక్కాలు వచ్చి చెప్పాల్సినవన్నీ చెప్పి వెళ్ళారు. ఏ మాటా ఆమె చెవికెక్కలేదు. అలా ఎన్నాళ్ళు గడిచేవో తెలియదు. ఒక మధ్యాహ్నం రంపం మేస్త్రి పని మధ్యలో ఇంటికొచ్చి నీళ్ళ సీసా నింపాడు.

"కొత్త బస్టాండులో మన రాయే పరిచారట. చూసొద్దాం పద."

"నాకు ఏ చుట్టా వద్దు."

"నాకు కావాలి," అన్నాడాయన.

ఆయన ఏదైనా కావాలని అడగడం ఆమెకు తెలియదు. కూరలో ఉప్పు తక్కువైనా అడిగే మనిషి కాదు. ఆయన మొహం చూసి లేచింది, చెప్పులు తొడుక్కుంది. బస్టాండులో చుట్ట దొరకలేదు. కానీ ఆమె నీళ్ళు పోస్తుంటే కండక్టర్లు వచ్చి గొడవపడ్డారు, ఆమె తిరిగి గొడవపడింది, ఆ గొడవలో మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. మర్నాడు ఆయన టెలిఫోను ఆఫీసు అన్నాడు. ఆ తర్వాత లైబ్రరీ. ఊళ్ళో భవనాలన్నీ అయిపోయేసరికి ఆమె మళ్ళీ పనిలో చేరింది.

కాలం అలాగే నడిచింది. మూలలు విరిగిన నున్నటి బండలు పోగేసి మధ్యగది నేల వేశారు. క్వారీ ఇంకా దిగింది, మళ్ళీ మచ్చలు మొదలయ్యాయి. ఈసారి కొమ్ములు, కుప్పలుతెప్పలుగా బొత్తాలు. వాటితో వరండా వేశారు. మేస్త్రి రిటైరయ్యాడు. క్వారీలో నీళ్ళు ఊరి అదొక చెరువైపోయింది, ఫ్యాక్టరీ మూసేశారు. కొడుక్కి పెళ్ళయి వాడికి ఒక కూతురు పుట్టింది. తర్వాత ఒక శీతాకాలం మేస్త్రి దగ్గు పట్టుకుని మంచం ఎక్కాడు. చివరి రోజుల్లో ఒకసారి పెళ్ళాన్ని దగ్గరకు పిలిచి "ఆ గరుకు బండ..." అని ఏదో మొదలుపెట్టాడు. దగ్గు తెర అడ్డొచ్చింది. "ఇప్పుడు మార్చి ఏం ఊడబొడుస్తావులే, పడుకో," అంది నీళ్ళక్క. ఆయన నవ్వి పడుకున్నాడు. అంతే, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఆయన పోయాక ఆమె నేల తడపడం ఎక్కువైంది. పొద్దున తుడిచేది, మధ్యాహ్నం తుడిచేది. తడి నేలమీద చుట్టలు తేలుతుంటే వాటిని కోసినవాడి చెయ్యి గుర్తొచ్చేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. కోడలు మాత్రం చూస్తూనే ఉంది. చివరికి ఏ రోజు జరుగుతుందా అని భయపడ్డదే జరిగింది. బక్కెట్టుతో మధ్యగదిలోంచి వస్తూ, ఆ అద్దంలాంటి నున్నటి బండల మీద నీళ్ళక్క జారి పడింది. మణికట్టు విరిగింది. నడుము విరగలేదు, అది ఆమె అదృష్టం.

కొడుకు ఎలక్ట్రీషియను, సాధారణంగా కోపం రాని మనిషి. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక మాత్రం తేల్చేశాడు.

"ఇంక ఈ బండలు వద్దమ్మా. ఇల్లంతా జారని టైల్స్ వేయించేస్తాను. టైల్స్ మేస్త్రితో మాట్లాడాను."

"మీ నాన్న పరిచిన నేలరా ఇది."

"నాన్న పరిచిన నేల నిన్ను మింగేసేది. నాకు ఉన్నది ఒక్క అమ్మ."

 నీళ్ళక్క కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తలూపింది. కానీ లోపల మాత్రం మొగుడు రెండోసారి పోతున్నట్టుగా ఉంది. ఈ నేల పోతే ఆయన చేత్తో చేసిందేదీ ఆ ఇంట్లో మిగలదు.

అప్పుడే మనవరాలు సెలవులకు వచ్చింది. పట్నంలో కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుతోంది. ఆ చదువు ఎందుకని అందరూ అడిగినప్పుడు "నానమ్మ ఇల్లు చూసి," అని చెప్పిన పిల్ల. టైల్స్ సంగతి వినగానే తండ్రితో వాదనకు దిగింది.

"ఇది ఇల్లు తల్లీ, మ్యూజియం కాదు," అన్నాడతను.

వాదనలో ఓడిపోయి, పోయేలోపు ఫోటోలైనా తీసుకుంటానని నేలమీద మోకాళ్ళమీద కూర్చుంది. తనే తడిపింది, నానమ్మను కుర్చీ కదలనివ్వలేదు. వరండా అయ్యాక మధ్యగది, తర్వాత వంటగది. మళ్ళీ వెనక్కి వెళ్ళి వరండాలో కూర్చుని ఏదో ఆలోచించింది.

"నానమ్మా, ముందు ఏ గది వేశారు?"

"వంటగది. మా పెళ్ళయిన కొత్తలోనే వేశాడు మీ తాత."

"చివరిది?"

"వరండా. రిటైరయ్యే ముందు."

మనవరాలు నవ్వింది. "క్వారీ పైనుంచి కిందికి తవ్వుతారు కదా. పైనున్నది తర్వాత పేరుకున్న రాయి, అడుగున ఉన్నది అంతకుముందుది. అంటే మీరు ముసలివాళ్ళవుతున్నకొద్దీ మీ ఇంట్లోకి ఇంకా పాత రాయి వచ్చింది. వరండాలో మొదలుపెట్టి వంటగదిలోకి నడిస్తే, సముద్రం పుట్టుపూర్వోత్తరాలు వరసగా ఉన్నాయి."

"ఇక్కడ సముద్రం ఎక్కడిదే?"

"ఉండేది. ఈ సున్నపురాయంతా దాని అడుగున పేరుకున్న బురద. నువ్వు కొమ్ములంటావే, అవి పగడాల జాతి. ఒక్కో కొమ్ములో ఒక్కో జీవి కూర్చుని, చేతులు చాపి, తిండి పట్టుకునేది. బొత్తాలు ఒక జంతువు కాడ ముక్కలు. పువ్వులా ఉండేది, కానీ పువ్వు కాదు. అవి వరండాలో ఎన్ని ఉన్నాయో చూడు. ఇప్పుడు వంటగదిలో ఒక్క కొమ్ము చూపించు."

నీళ్ళక్కకు చూడనక్కరలేదు. వంటగదిలో కొమ్ము లేదు. ఇన్నేళ్ళు రెండు గదులూ తుడిచింది, అది ఎందుకు లేదని ఒక్కసారీ అనుకోలేదు.

"ఏమయ్యాయి?"

"పోయాయి. మళ్ళీ రాలేదు." మనవరాలు మధ్యగది వైపు చూపించింది. "ఆ మచ్చలేని రాయి ఉంది కదా, అది అప్పటిదే అనుకుంటున్నా. మా మేడంకి చూపించి రూఢి చేసుకోవాలి. సుమారు ఇరవై అయిదు కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికేవన్నీ దాదాపు చచ్చిపోయాయి. నీళ్ళు వేడెక్కి, ఊపిరికి గాలి చాలక. అగ్నిపర్వతాలు దానికి మూలమంటారు. మిగతా కారణాల మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. అడుగున పడటానికి చిప్పలే లేవు, అందుకే రాయి అంత నున్నగా ఉంది."

నీళ్ళక్క మధ్యగది నేలకేసి చూసింది. యజమాని ఫస్టు క్వాలిటీ అని మురిసిన రాయి. షెడ్డంతా సంబరపడ్డ రాయి. తన పాప పోయిన ఏడాది, రోజంతా టిక్కులు కొట్టి పంపిన రాయి. రాయికీ పాపకూ సంబంధం లేదని ఆమెకు తెలుసు. తెలిసినా ఆ నేల మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"మరి చుట్టలు?" అంది చివరికి. "వరండాలోనూ ఒకటో రెండో ఉన్నాయి కదే. వంటగదిలో బోలెడున్నాయి."

"అదే గమ్మత్తు. చుట్టలు కూడా పోయినట్టే పోయాయి. ఏవో కొన్ని రకాలు మాత్రం ఎలాగో గట్టెక్కాయి. నీ వంటగదిలో ఉన్నవన్నీ వాటి సంతానం."

నీళ్ళక్క లేచి వంటగదిలోకి వెళ్ళి పొయ్యి ముందున్న సగం చుట్టను చూసింది. ఎండిన బండ, ఏమీ కనిపించలేదు. అయినా చూస్తూ నిలబడింది.

మర్నాడు టైల్స్ మేస్త్రి పలుగూ సుత్తీ పట్టుకుని వచ్చాడు. కొడుకు పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. తల్లి మొహం చూడలేక స్విచ్చిబోర్డు ఒకటి విప్పదీసి అక్కర్లేని మరమ్మతు మొదలుపెట్టాడు. తడి ఎక్కువుండే చోటు ముందు కానిద్దామని మేస్త్రి వంటగదిలో కుళాయి గట్టు కిందికి దూరాడు. సిమెంటుతో పట్టేసి ఉంటుందని పలుగు గట్టిగా దిగేశాడు. బండ డబ్బా మూతలా సులువుగా లేచింది.

"ఇదెవరు పరిచారు పెద్దమ్మా?" అన్నాడతను లోపల్నుంచి.

"మా ఆయనే. ఏం?"

"తిరగేసి పరిచారు. పాలిష్ ముఖం కిందికి పోయింది, గరుకు ముఖం పైకి వచ్చింది. పని రానివాడు కూడా ఇలా వెయ్యడు."

"మా ఆయనకి పని రాదనకు నాయనా," అంది నీళ్ళక్క. అంటూనే గట్టు దగ్గరికి వచ్చింది.

"పైగా మిగతావన్నీ సున్నంలో గట్టిగా కూర్చోబెట్టి, దీన్నొక్కదాన్ని ఉత్త ఇసుకలో ఉంచారు. ఎప్పుడో తీద్దామనుకున్నట్టుంది."

బండను బయటికి లాగి గోడకు ఆనించారు. ఇసుక తుడిస్తే నున్నటి బూడిదరంగు ముఖం. మూలన ఎర్ర మైనపు టిక్కు, తోక కాస్త పైకి వంపుతిరిగి. ఆ వంపు నీళ్ళక్కది. ఆ షెడ్డులో ఇంకెవరూ టిక్కుకు అలా తోక పెట్టేవాళ్ళు కాదు.

"నీళ్ళు," అంది.

మనవరాలు మగ్గుతో నీళ్ళు కొట్టింది. పళ్ళెమంత చుట్ట తెల్లగా పైకి తేలింది. అడ్డంగా తెల్లటి గీత. పొయ్యి ముందున్న బండ మీద కూడా నీళ్ళు పోశారు. అక్కడి గీత ఎడమ నుంచి దిగితే ఇక్కడిది కుడి నుంచి దిగుతోంది. రెంటినీ ముఖాముఖీ పెడితే ఒకటే చుట్ట. కొడుకు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ చుట్ట కథ వినని రోజు వాడి చిన్నతనంలో లేదు.

నీళ్ళక్క కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం ఆయన ఆలస్యంగా ఎందుకొచ్చాడో, చొక్కా ఎందుకు తడిసిందో ఇప్పుడు తెలిసింది. రెండో బండ లారీ ఎక్కడం చూసి, వెంట పరిగెత్తి, ఏ దారిలోనో ఆపి, బండ మార్చి తెచ్చుకున్నాడు. టిక్కు పెట్టిన సరుకు ఫ్యాక్టరీది, ఇంటికి తెస్తే దొంగతనం. ఆ మాట తనకు చెప్తే ఏం చేసేది? తన నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి ఊరంతా తెలిసి, ఆయన యజమాని గుమ్మంలో బండతో సహా నిలబడి ఉండేవాడు. అందుకని దాచాడు, అది సరే. ఫ్యాక్టరీ మూసేశాక ఎందుకు చెప్పలేదు? ఆమెకు అర్థం కానిది అదీ.

అప్పుడు ఆమెకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్న తను. నీళ్ళ సీసాతో నిలబడ్డ ఆయన. నాకు కావాలి అన్నాడు. చుట్ట అప్పటికే ఇంట్లో, తన కాళ్ళ కిందే ఉంది. ఆయనకు కావలసింది చుట్ట కాదు. తను లేచి, చెప్పులు తొడుక్కుని, గడప దాటడం.

"ఎంత నంగనాచివయ్యా," అంది ఎవరితోనో. "ఊరంతా తిప్పావు. ఎండలో తిప్పావు. కండక్టర్ల చేత తిట్టించావు." అని నవ్వింది. నవ్వుతూనే బావురుమంది. విరిగిన చెయ్యి గుండెకు ఆనించుకుని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. కోడలు వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది. టైల్స్ మేస్త్రి చెయ్యాల్సిన పనేమిటో తెలియక పలుగును గోడకు ఆనించి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి కొడుకు లెక్క మార్చాడు. జారే మధ్యగదికి మాత్రం టైల్స్. వరండా, వంటగది అలాగే ఉంటాయి, తడిగుడ్డ ఇకనుంచి తను పెడతాడు. నున్నటి బండలు రెండు మనవరాలి మేడంకు పోతాయి. పొయ్యి ముందుదాన్నీ లేపి, రెండు చుట్టలూ అమ్మ మంచం పక్క గోడకు నిలబెడతారు, కూర్చున్న చోటు నుంచే తడుపుకోవచ్చు. నీళ్ళక్క అన్నిటికీ తలాడించింది.

సాయంత్రం మొహం కడుక్కుని, కోడలి చేత జడ వేయించుకుని, కొడుకు దగ్గరికి వచ్చింది. మంచి చేతిలో ఖాళీ నీళ్ళ సీసా ఉంది.

"ఆసుపత్రికి కొత్త భవనం కట్టారట కదరా. మొన్న చెయ్యి విరిగిన కంగారులో నేల చూడలేదు. ఒకసారి తీసుకెళ్ళు."

చిన్నప్పుడు బడి వరండాలో అమ్మ నీళ్ళు పోస్తుంటే స్తంభం చాటుకు దాక్కున్నవాడు ఆ కొడుకు. తల్లివైపూ, గోడకు ఆనించిన రెండు బండలవైపూ చూశాడు.

"దొరికింది కదమ్మా. ఇంకా దేనికి?"

"మీ నాన్నకి ఎప్పుడో దొరికింది," అంది నీళ్ళక్క. "అయినా నాతో వచ్చేవాడు."

కొడుకు సీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బండ లేచిపోయిన ఇసుకలో నిలబడి, అది నిండేదాకా పట్టుకున్నాడు.